నాగమణిని కూర్చోబెట్టిన చోటు

ఫోన్ మోగితే ఉలిక్కిపడే అలవాటు నాకింకా పోలేదు. ఉద్యోగం అయిపోయింది. ఖమ్మంలో, ఖానాపురం హవేలిలోని మా ఇంట్లో మధ్యాహ్నం కాసేపు కునుకు తీసే తీరిక కూడా దొరికింది. అయినా తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ముందు గుండె గుభేలుమంటుంది, ఆ తర్వాతే చెయ్యి కదులుతుంది. చాలాసార్లు అది లోను కావాలా అని అడిగే ఏదో బ్యాంకు అమ్మాయి గొంతే. ఆ అమ్మాయి మీద కోపం రాదు. "నీకు అక్కడ బాగుందా అమ్మా?" అని అడగాలనిపిస్తుంది.

భద్రాచలంలో అడవి పల్లెల పిల్లలకు హోటల్ పని నేర్పే ఒక శిక్షణ కేంద్రంలో నేను టీచర్‌గా చేశాను. అంతకు ముందు చాలా ఏళ్ళు హైదరాబాద్ హోటళ్ళలో గదులు సర్దాను. తర్వాత గదులు సర్దేవాళ్ళ మీద సూపర్‌వైజర్‌నయ్యాను. కేంద్రంలో నాది రెండు రకాల పని. పిల్లలకు నేర్పడం ఒకటి, నేర్చుకున్నవాళ్ళను ఏదో ఒక హోటల్లో చేర్పించడం రెండోది. ఈ మధ్య నా స్థానంలో చేరిన అమ్మాయి ఫోన్ చేసి, "మేడం, ఈ ఉద్యోగంలో ముఖ్యంగా ఏం చూసుకోవాలి?" అని అడిగింది. ఫోన్‌లో తెమిలే మాట కాదు, రాసి పంపుతానన్నాను.

నేర్పడం తేలిక

నేర్పడం గురించి పెద్దగా చెప్పను. పరుపు మీద దుప్పటి ముడత లేకుండా పరచడం, మూలలు కవరు మడిచినట్టు మడవడం, దిండు గలీబు మూతి తలుపు వైపు కనబడకుండా పెట్టడం, బాత్రూం అద్దాన్ని పై నుంచి కిందికి తుడవడం. చేతి పని అలవాటున్న పిల్లలు వాళ్ళు. విప్పపూవు ఏరినవాళ్ళు, మిరప కోతలకు వెళ్ళినవాళ్ళు. రెండు మూడు వారాల్లో పట్టేసేవాళ్ళు. హోటల్ ఇంగ్లీషు కూడా ఎలాగో ఒకలాగా వచ్చేది.

కష్టమంతా పంపడంలో ఉంది. బస్సు కదిలాక మొదలవుతుంది మన ఉద్యోగం. ఎప్పుడూ ఊరు దాటని పిల్లను మన మాట నమ్మి తల్లిదండ్రులు పంపిస్తారు. వాళ్ళకు హోటల్ పేరు నోరు తిరగదు. ఊరి పేరు హైదరాబాద్ అని తెలుస్తుంది, అంతే. ఆ పిల్లకు జ్వరమొచ్చినా, జీతం ఆలస్యమైనా, ఎవడైనా వెకిలిగా నవ్వినా వాళ్ళు వచ్చి అడిగేది మననే. అడగడం న్యాయం కూడా.

ఇందులో నేను నిశ్చింతగా ఉన్న నెల ఒక్కటీ లేదు. నిశ్చింతగా ఉండేవాళ్ళను కొందరిని చూశాను. పిల్లల్ని బస్సెక్కించి ఫోటో తీసి, ఆ ఫోటో పై అధికారులకు పంపి, అక్కడితో మరచిపోయేవాళ్ళు. వాళ్ళకు మంచి పేరే వచ్చింది. మీరు అట్లా కావద్దు.

జోగయ్య ఫోటో పట్టుకుని వచ్చాడు

నాగమణిది దుమ్ముగూడెం అవతల అడవిలో ఒక కోయ పల్లె. తండ్రి జోగయ్య, చిన్న కమతం రైతు. తల్లి లేదు. మా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఆ పిల్ల చెయ్యి శుభ్రం. మాట తక్కువ, చూపు చురుకు.

హైదరాబాద్ పాత బస్తీ దగ్గర, ఒకప్పుడు నవాబు కుటుంబం ఉన్న పాత దేవిడీ భవనాన్ని బాగు చేసి హోటల్‌గా మార్చారు. గదులు తక్కువ, ఖరీదు ఎక్కువ. గోడల నిండా చిత్రాలు, మూలమూలకూ శిల్పాలు. విదేశాల వాళ్ళు, సినిమా వాళ్ళు దిగుతుంటారని చెప్పుకునేవారు. ముందు ఒక అమ్మాయిని తీసుకుని చూస్తాం, నచ్చితే వచ్చే బ్యాచ్ మొత్తాన్నీ తీసుకుంటాం అన్నారు వాళ్ళు. నేనే వెళ్ళి చూసి వచ్చాను. హాస్టల్ తలుపుకు లోపల గడియ ఉందా, బాత్రూం విడిగా ఉందా, అన్నంలోకి కూర ఏమిటి, డ్యూటీ దిగాక హాస్టల్ దాకా వ్యాను ఉందా. అన్నీ ఉన్నాయి. నాగమణిని పంపాం.

మొదట్లో తరచుగా ఫోన్ చేసేది. తర్వాత తగ్గింది. తర్వాత మేం చేసినా ఎత్తలేదు. "బిజీగా ఉంటుంది మేడం" అని హోటల్ ఆఫీసు వాళ్ళు చెప్పేవారు. అంతలో ఒక ఉదయం జోగయ్య మా కేంద్రం మెట్ల మీద కూర్చుని కనిపించాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"మేడం, మా పిల్ల ఫోన్ ఎత్తుతలేదు" అన్నాడు.

"డ్యూటీలో ఉండి ఉంటది జోగన్నా."

"నెల సంది డ్యూటీల్నే ఉన్నదా?"

ఆయన చొక్కా జేబులోంచి ఫోన్ తీశాడు. బావమరిది ఫోనట, అడిగి తెచ్చుకున్నాడు. అందులో ఆ హోటల్ వాళ్ళు పెట్టిన ఫోటో ఒకటి ఉంది. పసుపు వెలుగులో ఒక అమ్మాయి. తలలో ఈక, మెడ నిండా గవ్వల దండలు, గడ్డం మీద నల్ల చుక్కలు, ఒళ్ళో ఆకులు. కళ్ళు కిందికి దించుకుని ఉంది. నేను కాసేపు గుర్తుపట్టలేకపోయాను.

"ఇది మా పిల్లేనా, చెప్పు."

"నాగమణే" అన్నాను.

"దుప్పట్లు మార్చే పని అంటివి గదా. గిదేంది మేడం?"

నేను అక్కడే నిలబడి హోటల్ మేనేజరుకు ఫోన్ చేశాను. ఆయన గొంతు ఎప్పటిలాగే మెత్తగా, నవ్వుతూ ఉంది. "ఫోటో చూశారా మేడం? నాగమణి ఇప్పుడు మా స్టార్. మీకు అనుమానం ఎందుకు, ఒక రోజు మా గెస్ట్‌గా వచ్చి ఉండండి. వాళ్ళ నాన్నగారిని కూడా తీసుకురండి. మాకూ ఒక మంచి ఫోటో దొరుకుతుంది" అన్నాడు.

మా డైరెక్టర్ సారుకు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. పై వాళ్ళకు లెక్క చెప్పుకోవాల్సిన మనిషి. "సుగుణా, వచ్చే బ్యాచ్ అంతా వాళ్ళ చేతుల్లో ఉంది. వెళ్ళు, ఉండు, నవ్వి రా. అక్కడ గొడవ మాత్రం వద్దు. ఆ తండ్రిని ఎందుకు వెంటేసుకుపోవడం?" అన్నాడు.

నాకూ అదే భయం. జోగయ్య అక్కడ ఏం చూస్తాడో, చూసి ఏం చేస్తాడో తెలియదు. పిల్లను చేయి పట్టుకుని ఇంటికి తెచ్చాడంటే ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇంకెవరూ ఆడపిల్లను పంపరు. అయినా వద్దని చెప్పడానికి నోరు రాలేదు. ఆయన పిల్ల ఆమె.

కుర్చీ ఏదో, బొమ్మ ఏదో

పొద్దున్నే భద్రాచలంలో బస్సెక్కాం. కొత్తగూడెం దాటింది, ఖమ్మం దాటింది. జోగయ్య కిటికీ పక్కన కూర్చున్నాడు. సూర్యాపేటలో బస్సు ఆగితే టీ ఇప్పించాను. సగం తాగి గ్లాసు కింద పెట్టాడు. "మేడం, దాన్ని కొట్టిండ్రా ఎవరన్న?" అని అడిగాడు. లేదన్నాను. నాకేం తెలుసని లేదన్నాను? ఆ తర్వాత హైదరాబాద్ వచ్చేదాకా నా మనసులో అదే తిరిగింది.

హోటల్ వాకిట్లో మాకు చల్లని తుండుగుడ్డలు, ఏదో పూల వాసన వేసే షర్బతు ఇచ్చారు. నా జీవితంలో అట్లాంటి తుండుగుడ్డలు ఎన్నో చుట్టి పళ్ళెంలో పెట్టాను. ఎదుటి మనిషి చేతిలోంచి తీసుకుని మొహం తుడుచుకోవడం అదే మొదలు. మమ్మల్ని చూసినవాళ్ళంతా నవ్వుతున్నారు. మేనేజరు స్వయంగా వచ్చి జోగయ్యకు నమస్కారం పెట్టాడు. నాగమణి ఏదని అడిగితే, "సాయంత్రం చూద్దురు గాని, సర్‌ప్రైజ్" అన్నాడు.

నాకు మేడ మీద గది, పక్కనే జోగయ్యకు ఇంకోటి ఇచ్చారు. నా గదికి నంబరు లేదు, రంగు పేరుంది. తలవైపు గోడంతా ఒకే చిత్రం. ముదురు నీలంలో పెద్ద పెద్ద కళ్ళు. ఎటు తిరిగినా అవి నన్నే చూస్తున్నట్టుండేది. మూలన మట్టి కాగులాంటిది ఉంటే చెత్తబుట్ట అనుకుని, షర్బతుతో ఇచ్చిన కాగితం రుమాలు వేయబోయాను. దాని పక్కన గోడకు కళాకారుడి పేరుతో చిన్న పలక కనిపించి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. వసారాలో చెక్క కుర్చీ కనబడితే కూర్చున్నాను. ఒక కుర్రవాడు పరుగున వచ్చి, "సారీ మేడం, అది కూర్చునేది కాదు" అన్నాడు. ఇన్నేళ్ళు హోటళ్ళలో పనిచేసిన నాకే అక్కడ దేన్ని ముట్టుకోవచ్చో, దేన్ని చూసి ఊరుకోవాలో అంతుపట్టలేదు.

నాకు తెలిసిన పని ఒకటుంది. గదిని పరీక్షించడం. పటం చట్రం మీద వేలు రాసి చూశాను, దుమ్ము లేదు. కుళాయి మెరుస్తోంది. పరుపు దగ్గరికి వచ్చాను. దిండు గలీబు మూతి తలుపు వైపుకే ఉంది. దుప్పటి మూలలు ఊరికే కిందికి దోపి ఉన్నాయి. జోగయ్య గదిలోకి వెళ్ళి చూశాను, అక్కడా అంతే. అడిగి మరీ ఆ వరసలో ఇంకో ఖాళీ గది తలుపు తీయించి చూశాను. అది నాగమణి చెయ్యి కాదు. మా దగ్గర నేర్చుకున్న ఎవరి చెయ్యీ కాదు. ఈ మేడ మీద పడకలు ఆ పిల్ల వేయడం లేదు. మరి ఏం చేస్తోంది?

మధ్యాహ్నం భోజనం వెండి గిన్నెల్లో వచ్చింది. నాకు ముద్ద దిగలేదు. జోగయ్య మాత్రం నెమ్మదిగా, ఒక్క మెతుకు పారేయకుండా తిన్నాడు. తిని, "మంచిగనే ఉన్నది. దీనికి గిదే పెడ్తుండ్రా?" అన్నాడు.

"అడుగుదాం" అన్నాను.

వేదిక మీద

సాయంత్రం మమ్మల్ని నడుమ ఉన్న ముంగిలికి తీసుకెళ్ళారు. పాత దేవిడీలో ఒకప్పుడు ఆడవాళ్ళు తిరిగిన ముంగిలి అది. చుట్టూ స్తంభాలు, స్తంభాల మధ్య పటాలు, వాటి మీద దీపాలు. అతిథులు గ్లాసులు పట్టుకుని పటం నుంచి పటానికి నడుస్తున్నారు. ఒక పక్క ఎవరో సితార్ వాయిస్తున్నారు. ఒక మూలన ఎత్తుగా అరుగులాంటిది కట్టి దాని చుట్టూ తాడు కట్టారు. పటాలకు ముందు కట్టిన తాడులాంటిదే.

అరుగు మీద నాగమణి కూర్చుని ఉంది.

అడ్డాకుల విస్తరి కుడుతోంది. అంటే, కుడుతున్నట్టు ఉంది. ఒక ఆకుకు ఈనె గుచ్చి, తీసి, మళ్ళీ అక్కడే గుచ్చుతోంది. ఫోటోలో చూసిన ఈక, గవ్వలు, చుక్కలు అట్లాగే ఉన్నాయి. ముందు చిన్న కార్డు పెట్టారు. 'అడవి బిడ్డ' అని రాసి ఉంది. పక్క గోడ మీది ప్రతి పటం కిందా గీసినవాళ్ళ పేరుంది. ఆ కార్డు మీద నాగమణి పేరు లేదు.

ఆ పిల్ల నన్ను చూసింది. చూసి తల దించుకుంది. నా చేతిలో టీ కప్పు ఉంది. అతిథులతో పాటు, తాడుకు ఇవతల, కప్పు పట్టుకుని నిలబడి ఉన్నాను నేను. ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే ఉన్నాను. ఏదైనా అంటే కేంద్రం పోతుంది, అనకపోతే ఈ పిల్ల పోతుంది.

జోగయ్య నా పక్క నుంచి కదిలాడు. తాడు పైకెత్తి, కింద నుంచి వంగి వెళ్ళి, అరుగెక్కి కూతురి పక్కన చాప మీద కూర్చున్నాడు. కోయ భాషలో ఏదో అడిగాడు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. నాకు కోయ మాటలు కొన్నే తెలుసు, ఇది తెలిసింది. తిన్నావా అని అడిగాడు.

ఫోన్లు లేచాయి. అప్పటిదాకా పటాలు చూస్తున్నవాళ్ళు కూడా ఇటు తిరిగారు. ఒకావిడ ముచ్చటపడిపోతూ ముందుకు జరిగింది. మేనేజరు నా చెవి దగ్గరికి వచ్చి, "చూశారా మేడం, ఎంత సహజంగా ఉందో! కదలొద్దని చెప్పండి, మా ఫోటోగ్రాఫర్ వస్తున్నాడు" అన్నాడు.

ఆ మాటతో నాకు కాళ్ళు వచ్చాయి. కప్పు ఎక్కడ పెట్టానో గుర్తులేదు, ఏ శిల్పం మీద పెట్టానో ఏమో. వెళ్ళి వాళ్ళిద్దరికీ, ఫోన్లకూ మధ్యన నిలబడ్డాను. "ఫోటోలు వద్దండి. ఆయన ఆమె తండ్రి. కూతుర్ని చూడ్డానికి వచ్చాడు" అన్నాను. ఇంగ్లీషులో మళ్ళీ అన్నాను. అతిథి అడిగినదానికి కాదని చెప్పకూడదని ఇన్నేళ్ళు పిల్లలకు నేర్పినదాన్ని నేను. కొందరు వెంటనే ఫోన్లు దించారు. ఆ ముచ్చటపడినావిడ మొహం ఎర్రబడింది, పాపం, "సారీ" అంది. ఒకాయన మాత్రం నన్ను పక్కకు జరగమని చేయి ఊపాడు. నేను జరగలేదు.

నాగమణి లేచింది. ఒళ్ళో ఆకులు కింద పడ్డాయి. తండ్రి చెయ్యి పట్టుకుని లేపింది. ఇద్దరూ వెనక తలుపు గుండా లోపలికి వెళ్ళిపోయారు. వాళ్ళ వెనకే నేనూ.

దుప్పట్ల గదిలో

ఆ తలుపు వెనక దుప్పట్లు, తువ్వాళ్ళు పెట్టే గది. ఏ హోటల్లోనైనా నాకు ఊపిరి ఆడేది ఆ గదిలోనే. నాగమణి పక్కనున్న తొట్టి దగ్గర సబ్బుతో గడ్డం రుద్దుకుంటోంది. చుక్కలు పోయినా ఇంకా రుద్దుతోంది. "చాలమ్మా" అన్నాను.

"ఎవరూ బలవంతం పెట్టలే మేడం" అంది, నేనేమీ అడగకముందే. "ఒక్కరోజు కూసో అన్నరు. ఆ పని చేసే అక్క రాలేదని. గెస్ట్‌లకు నచ్చింది అన్నరు. మల్ల రోజు గూడ కూసో అన్నరు. తర్వాత నా పేరు రూముల డ్యూటీల రాయనే లేదు."

"నాకు ఫోన్ ఎందుకు చేయలేదు?"

"చేస్తే మీరు వస్తరు. మీరొస్తే లొల్లి అయితది. మనోళ్ళను ఎవ్వరినీ తీసుకోరు."

తండ్రి ఫోన్ ఎందుకు ఎత్తలేదని నేను అడగలేదు. ఆయన అక్కడే దుప్పట్ల దొంతర పక్కన నిలబడి ఉన్నాడు. ఆ పిల్లే చెప్పింది. "ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతడు మేడం, ఈ రోజు ఏం పని చేసినవ్ బిడ్డా అని. ఏం చెప్పాలె? కూసున్న అని చెప్పాలె?"

ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగాను. ఈ ప్రశ్న అడగడానికి మీకు సిగ్గుగా ఉంటుంది. తండ్రి ముందు ఇంకా కష్టం. అడగాల్సిందే. ఒకాయన దండ చూస్తానని మెడ దగ్గర చెయ్యి పెట్టాడట. ఈ పిల్ల వెనక్కి జరిగిందట. మేనేజరుకు చెబితే నవ్వాడట.

జోగయ్య ఇది విని గోడకు ఆనుకున్నాడు. ఇప్పుడు ఈ మనిషి పిల్లను తీసుకుని బస్టాండుకు పోతాడు, నేను ఆపలేను, ఆపకూడదు కూడా అనుకున్నాను.

"ఇంటికి పోదమా?" అని అడిగాడు ఆయన, నాకు అర్థం కావాలనేమో తెలుగులో.

"ఇప్పుడు పోతే మల్ల పంపవు నువ్వు" అంది నాగమణి. "నాకు రూముల పని మంచిగ వచ్చు. కూసోని కూసోని మర్చిపోతనేమో అని భయమైతంది. ఆ పనే ఇయ్యమని అడుగుత. మేడం పక్కన నిలబడితే చాలు."

జోగయ్య గోడ వదిలి కూతురి పక్కకు వచ్చాడు. "నేను గూడ నిలబడ్త" అన్నాడు.

మేనేజరు గది

మర్నాడు పొద్దున ముగ్గురం వెళ్ళాం. నాగమణి తన చుడీదార్‌లో ఉంది. వెళ్ళేముందు డైరెక్టర్ సారు ఫోన్. హోటల్ వాళ్ళు అప్పటికే ఆయనకు చెప్పేశారు. "సుగుణా, ఏం చేస్తున్నావు? క్షమాపణ చెప్పి వచ్చెయ్" అన్నాడు. సరే సార్ అని పెట్టేశాను. సరే అన్నానే గాని దేనికి సరే అన్నానో నాకే తెలియదు.

మేనేజరు కాఫీ తెప్పించాడు. ఆయనతో గట్టిగా మాట్లాడటం కష్టం. అరవడు, విసుక్కోడు. "మేం ఆమెకు పని తగ్గించాం మేడం. గదులు సర్దితే నడుము పోతుంది. ఇక్కడ కూర్చుంటే గౌరవం. ఇది మీ సంస్కృతే కదా నాగమణీ?"

"ఇవి మా దిక్కు నగలు కావు సార్" అంది నాగమణి.

"నాకు తెలుసమ్మా" అన్నాడు ఆయన, నవ్వుతూనే. "గెస్ట్‌లకు తేడా తెలియదు."

తెలియక చేశాడని అప్పటిదాకా అనుకున్నాను. ఆ ఆశ పోయింది.

"కార్డు మీద ఆమె పేరు ఎందుకు రాయలేదు?" అని అడిగాను.

"అమ్మాయిలు మారుతుంటారు మేడం. ప్రతిసారీ కార్డు మార్చలేం కదా."

నాగమణి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది. డ్యూటీ ముందు మేం నేర్పే నిలబడే పద్ధతి అది. "సార్, నన్ను రూములకు తీసుకున్నరు. రూములే ఇయ్యండి. ఆ వేషం ఇంక నేను వెయ్య" అంది. మాట చివర కొంచెం తడబడింది, కాని అంది.

మేనేజరు జోగయ్య వైపు చూశాడు. తండ్రి సర్దిచెబుతాడని కాబోలు. జోగయ్య కాఫీ ముట్టలేదు. "దాని ఇష్టమే నా ఇష్టం. పని ఏందో అది మాకు చెప్పుకునేటట్టు ఉండాలె. అంతే సారు" అన్నాడు.

మెడ మీద చెయ్యి వేసిన సంగతి నేను ఎత్తాను. రాతపూర్వకంగా పై వాళ్ళకు పంపాల్సి వస్తుందన్నాను. అప్పుడు తగ్గింది ఆయన నవ్వు. ఆ రోజు నుంచే గదుల డ్యూటీ ఇస్తామన్నాడు. తిరిగి వచ్చేముందు మేడ మీదికి వెళ్ళి చూశాను. నాగమణి నా గదిలో పరుపు మీద పాత దుప్పటి లాగి, కొత్తది విదిల్చి పరుస్తోంది. నన్ను చూడలేదు. నేనూ పిలవలేదు.

దానికి పడిన ఖరీదు

కథ ఇక్కడ ఆపితే బాగుండేది. కాని అప్పుడు మీకు చెప్పాల్సినది సగమే చెప్పినట్టవుతుంది.

ఆ హోటల్ వాళ్ళు మా వచ్చే బ్యాచ్‌ను తీసుకోలేదు. ఒక్కరిని కూడా. 'ప్రస్తుతం అవసరం లేదు' అని రెండు ముక్కలు రాసి పంపారు. డైరెక్టర్ సారు నన్ను పిలిచి, "ఒక్క పిల్ల కోసం ఇంతమంది కొంప ముంచావు" అన్నాడు. నేను తల వంచుకుని విన్నాను. నాకు ఎదురు మాట రాక కాదు. ఆయన చెప్పిన దాంట్లో కొంత నిజముంది.

ఆ పిల్లల కోసం నేను తిరగని చోటు లేదు. ఖమ్మంలో ఆసుపత్రులు, కాలేజీ హాస్టళ్ళు, ఫంక్షన్ హాళ్ళు. కొందరికి దొరికింది. కొందరు మళ్ళీ మిరప చేలకు వెళ్ళారు. వాళ్ళలో ఒక పిల్ల తల్లి కేంద్రానికి వచ్చి నన్ను నిలదీసింది. "మా పిల్లకు ఆ కూసునే పనైనా మంచిగనే ఉండు గదా మేడం. ఎండల మిరపకాయ ఏరుతుంది. నువ్వేమో వద్దంటివి" అంది. ఆమెకు ఏం చెప్పాలో అప్పుడు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. నేను చేసింది తప్పని అనుకోను. అయినా ఆ తల్లి మొహం గుర్తొస్తే కుదురుగా కూర్చోలేను.

ఇంకొకటి. కొన్ని వారాలకు నాగమణి ఫోన్ చేసింది. "మేడం, అరుగు మీద ఇంకో పిల్ల కూసుంటుంది. ఎక్కడి పిల్లో తెల్వదు. మన మాట రాదు దానికి. ఎవరికి చెప్పాలె?" నేను ఒకరిద్దరు అధికారులకు రాశాను. జవాబు రాలేదు. నాగమణే ఆ పిల్లకు తన హాస్టల్ గదిలో చోటిచ్చి, తీరిక దొరికినప్పుడల్లా పడక వేయడం నేర్పిందట. ఆ పిల్ల తర్వాత ఏమైందో మాకెవరికీ తెలియదు. ఈ ఉద్యోగంలో మీకు ఇట్లాంటివి మిగులుతాయి. అవి ఎక్కడికీ పోవు.

నాగమణి అక్కడే ఉండి, అనుభవం ఉన్నట్టు కాగితం తీసుకుని, ఆ తర్వాత ఖమ్మంలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో చేరింది. జోగయ్య ఇప్పుడు ఆదివారం ఆదివారం ఖమ్మం వచ్చి కూతుర్ని చూసి పోతున్నాడు. ఫోన్ మాత్రం ఇంకా బావమరిదిదే.

చివరి బ్యాచ్

ఆ హోటల్ తర్వాత నేను పద్ధతి మార్చుకున్నాను. హాస్టల్, కూర, వ్యాను చూసి రావడం సరిపోదు. పిల్ల ఏ చోట నిలబడి ఏం పని చేస్తుందో ఆ చోటికి వెళ్ళి చూడాలి. చేరిన నెలకు మళ్ళీ వెళ్ళాలి, చెప్పకుండా వెళ్ళాలి. కుదిరితే తల్లినో తండ్రినో వెంట తీసుకెళ్ళాలి. వాళ్ళు మనకు కనబడనిది చూస్తారని కాదు, వాళ్ళు పక్కన ఉంటే మనం చూడనట్టు నటించలేం. ఇంకా ఒక మాట. పిలిచి అతిథి మర్యాద చేస్తే ఆ రోజు చూసినదాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. మెత్తటి పరుపు మీద కూర్చున్న మనిషికి అనుమానం మొద్దుబారుతుంది. నాకే బారింది, కాసేపు.

నేను రిటైరయ్యే ఏడాది నాగమణి మా కేంద్రానికి వచ్చింది. అప్పటికి ఆసుపత్రిలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్. ముదురు నీలం కోటు, మెడలో గుర్తింపు కార్డు, దాని మీద పెద్ద అక్షరాలతో పేరు. మా చివరి బ్యాచ్‌లోంచి కొంతమందిని తన కింద తీసుకుంటానంది. డైరెక్టర్ సారు పొంగిపోయి అక్కడికక్కడే సంతకం పెట్టబోయాడు.

నేను అడగడం మొదలుపెట్టాను. పిల్లలు ఏ వార్డులో ఉంటారు? రోగుల బట్టలు ముట్టుకునేటప్పుడు చేతులకు తొడుగులు ఇస్తారా? రాత్రి డ్యూటీ ఉంటే ఎక్కడ పడుకుంటారు? ఎవరైనా చెయ్యి వేస్తే ఎవరికి చెప్పాలి, ఆయన నవ్వితే ఆ తర్వాత ఎవరికి చెప్పాలి?

నాగమణి ఓపికగా ఒక్కొక్కటే చెప్పింది. నేను ఇంకా అడుగుతుంటే ఆమె మొహంలో కొంచెం నొప్పి కనబడింది.

"నన్ను గూడ నమ్మరా మేడం?" అంది.

నమ్ముతానని చెప్పి ఊరుకుంటే అందరికీ బాగుండేది. పిల్లలు గదిలో వరసగా కూర్చుని మా ఇద్దరినీ చూస్తున్నారు.

"నమ్మనమ్మా" అన్నాను. "వచ్చి చూస్తాను."

నాగమణి నవ్వింది. బ్యాగు భుజానికి తగిలించుకుని లేచి, "రండి మేడం, ఇప్పుడే పోదాం. చెప్పకుండా పోతెనే మంచిగుంటది" అంది.

ఇద్దరం ఖమ్మం బస్సెక్కాం.